రోడ్డు మీద పోలీసులు ఆపితే: ఎప్పుడు ఆపొచ్చు, ఏం అడగొచ్చు, మీరు ఏం చెప్పాలి

మా అక్క కొడుకు పెళ్లిళ్లకు లైటింగ్ పని చేస్తాడు. పోయినేడాది మాఘమాసం ముహూర్తాల్లో ఒక రాత్రి రిసెప్షన్ అయ్యాక సీరియల్ సెట్లు విప్పి, పన్నెండున్నరకి నడుచుకుంటూ ఇంటికి బయల్దేరాడు. చౌరస్తాలో పెట్రోలింగ్ జీపు పక్కన ఆగింది. భుజాన సంచి చూశారు. అందులో రెండు స్క్రూడ్రైవర్లు, ఒక కటింగ్ ప్లేయర్, టెస్టరు, ఇన్సులేషన్ టేపు, చుట్ట చుట్టిన వైరు. "ఏరా, ఏ ఇంటికి కన్నం వేద్దామని?" అన్నాడు ఒకాయన.

పిల్లాడు బెదిరిపోయాడు. ఇల్లెక్కడ అంటే నాలుగు నెలల కింద ఖాళీ చేసిన అద్దె ఇంటి అడ్రసు చెప్పాడు, ఆధార్ కార్డులో అదే ఉంది కనక. పెళ్లి ఎవరిది అంటే పేరు గుర్తు రాలేదు. ఫోన్ తీసేసుకున్నారు. తెల్లవారి ఐదింటి దాకా స్టేషన్ బెంచీ మీద కూర్చోబెట్టి, షామియానా ఓనరు వచ్చి "మా కుర్రాడే సార్" అన్నాక పంపేశారు. ఆ నాలుగున్నర గంటలకీ ఎక్కడా ఒక్క కాగితం ముక్క లేదు.

నేను జిల్లా కోర్టులో క్రిమినల్ కేసులు చూసుకునే లాయర్ని. ఊళ్లో వాళ్లందరికీ చెప్పే మాటలు సొంత మేనల్లుడికి ఒక్కసారి కూడా చెప్పలేదే అని ఆ పొద్దున చాలా బాధ పడ్డాను. వాడికి తర్వాత కూర్చోబెట్టి చెప్పినదంతా ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం

"దారిన పోయే ఎవరినైనా ఆపి ప్రశ్నించవచ్చు" అని రాసిన సెక్షన్ మన దేశంలో లేదు. అలాగని పోలీసు మిమ్మల్ని పలకరించకూడదని కూడా ఎక్కడా లేదు. "ఈ టైములో ఎక్కడికి?" అని పక్కింటాయన అడిగినట్టే పోలీసూ అడగొచ్చు. అడగడం వేరు, జవాబు చెప్పేదాకా కదలనివ్వకపోవడం వేరు. కదలనివ్వకుండా పట్టుకోవాలంటే చట్టంలో ఒక ఆధారం కావాలి.

చట్టం మనల్ని ఉత్త మనిషిగా కాకుండా ఏదో ఒక హోదాలో చూస్తుంది. బండి నడిపేవాడు, సాక్షి, అనుమానితుడు, అరెస్టయినవాడు. మీరు ఏ హోదాలో ఉన్నారన్న దాన్ని బట్టి పోలీసు అధికారం పెరుగుతుంది, తగ్గుతుంది. కాబట్టి రోడ్డు మీద మీరు చేయాల్సిన అసలు పని వాదించడం కాదు, ఇప్పుడు నన్ను ఏ హోదాలో ఆపారు అన్నది తేల్చుకోవడం.

సెక్షన్ల నంబర్ల గురించి కూడా చెప్పాలి. 2024 జూలై 1 నుంచి, అరెస్టు, సోదా, విచారణ ఎలా జరగాలో చెప్పే పాత సీఆర్‌పీసీ పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. దాన్ని పొట్టిగా బీఎన్‌ఎస్‌ఎస్ అంటున్నాం. ఏది నేరమో, దానికి ఎంత శిక్షో చెప్పే ఐపీసీ స్థానంలో బీఎన్‌ఎస్, అంటే భారతీయ న్యాయ సంహిత వచ్చింది. కానీ స్టేషన్లలో, కోర్టు వరండాల్లో ఇంకా పాత నంబర్లే నోట్లో ఆడుతున్నాయి. అందుకని రెండూ చెబుతాను.

మొదటి మెట్టు: ఆగండి, చేతులు కనపడేలా ఉంచండి, ఎదుటివాళ్లు ఎవరో చూసుకోండి

పరుగెత్తొద్దు. తప్పేం చేయకపోయినా భయంతో పరుగెత్తినవాడి మీద అనుమానం రావడం సహజం, ఆ పరుగునే తర్వాత కాగితం మీద "పోలీసులను చూసి పారిపోబోగా" అని రాస్తారు. అరెస్టయినవాణ్ని కస్టడీలో ఉంచమని పోలీసులు కోర్టుకిచ్చే రిమాండ్ రిపోర్టుల్లో, నా దగ్గరికి వచ్చినవాటిలో, ఈ వాక్యం ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు.

యూనిఫాంలో ఉంటే ఛాతీ మీద నేమ్ ప్లేటు చదివి గుర్తుపెట్టుకోండి. జీపు నంబరు చివరి నాలుగు అంకెలు చాలు. మఫ్టీలో ఉంటే "సార్, ఐడీ కార్డు ఒకసారి చూపిస్తారా" అని అడగండి. ఇందులో తప్పు లేదు, తలబిరుసూ కాదు. మన ఊళ్లలో నకిలీ పోలీసుల మోసం ఎంత పాతదో అందరికీ తెలుసు. "అమ్మా, ముందు దొంగతనాలు జరుగుతున్నాయి, గొలుసు తీసి ఈ కాగితంలో చుట్టి పర్సులో పెట్టుకో" అని చెప్పి, చుట్టిచ్చే నెపంతో గొలుసు మాయం చేసి రాళ్లు పెట్టి ఇచ్చేవాళ్లు ఉన్నారు. నిజమైన పోలీసు ఎప్పుడూ మీ ఒంటి మీద బంగారం తీయమనడు. అనుమానం వస్తే అక్కడే నిలబడి 112కి ఫోన్ చేసి, ఫలానా చోట ఫలానా వాళ్లు ఆపారు, మీవాళ్లేనా అని అడగండి.

రెండో మెట్టు: ఎందుకు ఆపారో అడగండి

మాట ఇలా ఉండాలి: "సార్, దేని గురించి అడుగుతున్నారో చెప్తే సాయం చేస్తాను." కాసేపయ్యాక: "సార్, ఇక నేను వెళ్లొచ్చా?" ఈ రెండో ప్రశ్న చాలా ముఖ్యం. వెళ్లు అంటే అది ఉత్త పలకరింపే. వెళ్లడానికి లేదు అంటే అది నిర్బంధం, దానికి కారణం ఉండాలి. ఆ కారణాలు సాధారణంగా ఇవీ.

మీరు కాగ్నిజబుల్ నేరం, అంటే వారెంటు లేకుండా అరెస్టు చేయదగ్గ నేరం చేశారని సమంజసమైన అనుమానం గానీ నమ్మదగ్గ సమాచారం గానీ ఉండటం. ఇది బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 35, పాత 41. దొంగసొత్తు అని అనుమానించదగ్గ వస్తువు మీ దగ్గర దొరికినా ఇదే సెక్షన్. "సమంజసమైన" అన్న మాట మీద చాలా ఆధారపడి ఉంది. అర్ధరాత్రి సంచిలో స్క్రూడ్రైవర్ ఉండటం ఒక ప్రశ్న అడగడానికి సరిపోతుంది. ఆ ప్రశ్నకు పొందికైన జవాబు వచ్చాక కూడా స్టేషన్‌కి ఎక్కించుకుపోవడానికి సరిపోదు.

రెండోది, నేరం జరగకుండా ఆపడం. సెక్షన్ 168 ప్రకారం కాగ్నిజబుల్ నేరాన్ని ఆపడం పోలీసు బాధ్యత. అలాంటి నేరానికి మీరు పథకం వేస్తున్నారని తెలిసి, ఇంకే రకంగానూ ఆపలేని పరిస్థితి అయితే సెక్షన్ 170 కింద ముందస్తుగా అరెస్టు చేయొచ్చు. పాత 151 అంటే అందరికీ తెలుస్తుంది, ధర్నాల ముందురోజు నాయకుల మీద వాడేది. ఇరవై నాలుగు గంటలకు మించి ఉంచడానికి లేదు, వేరే చట్టం కింద ఆధారం ఉంటే తప్ప.

మూడోది కొత్తగా వచ్చిన సెక్షన్ 172. నేరం ఆపే పనిలో భాగంగా పోలీసు ఇచ్చిన చట్టబద్ధమైన ఆదేశాన్ని పాటించాలని, పాటించకపోతే అక్కడి నుంచి తీసుకెళ్లొచ్చని, మేజిస్ట్రేటు ముందు పెట్టాలని, చిన్న విషయమైతే ఇరవై నాలుగు గంటల్లోపు వీలైనంత త్వరగా వదిలేయాలని అందులో ఉంది. ఆచరణలో దీనర్థం: గుంపు దగ్గర "ఇక్కణ్నుంచి వెళ్లిపోండి" అంటే వెళ్లిపోండి, తర్వాత ప్రశ్నించుకోండి. కానీ "నీ ఫోన్ అన్‌లాక్ చెయ్" అన్నది నేరం ఆపే ఆదేశం ఎలా అవుతుందో వాళ్లే చెప్పాలి.

ఇవి కాక, కలెక్టరో కమిషనరో సెక్షన్ 163 ఆదేశాలు ఇచ్చి ఉంటే, అంటే జనం ఇంకా 144 అనేది, ఆ ఆదేశంలో ఏం రాశారో దాన్ని బట్టి ఆపుతారు. హైదరాబాదులో నిజాం కాలం నాటి 1348 ఫస్లీ సిటీ పోలీసు చట్టం, ఆంధ్ర ప్రాంతంలో 1889 నాటి టౌన్ న్యూసెన్స్ చట్టం ఇప్పటికీ బతికే ఉన్నాయి. రోడ్డు మీద గొడవ, తాగి అల్లరి లాంటి పెట్టీ కేసులన్నీ వీటి కిందే రాస్తారు. పెట్టీ కేసే కదా, ఒప్పుకుని ఫైన్ కట్టి పోదాం అనుకునేవాళ్లకు ఒక మాట: కోర్టులో నేరం ఒప్పుకుంటే అది శిక్ష పడినట్టే లెక్క. తప్పు చేయకపోతే ఒప్పుకోకండి.

మూడో మెట్టు: పేరు, అడ్రసు చెప్పండి, నిజమే చెప్పండి

చట్టం ప్రకారం దారిన పోయే మనిషి ఆధార్ కార్డు జేబులో పెట్టుకు తిరగాలన్న నియమం లేదు. కార్డు లేకపోవడం నేరం కాదు. అయినా పేరు, ఉంటున్న చోటు చెప్పేయమనే నా సలహా. కారణం సెక్షన్ 39, పాత 42. పోలీసు కళ్లెదుట చిన్న నాన్‌కాగ్నిజబుల్ నేరం చేసినా, చేశారన్న ఆరోపణ వచ్చినా, మామూలుగా అరెస్టు చేయడానికి లేదు. కానీ పేరు, అడ్రసు చెప్పనంటేనో, చెప్పింది అబద్ధమని నమ్మే కారణం ఉంటేనో అరెస్టు చేయొచ్చు. అసలు పేరు, అడ్రసు తేలగానే, పిలిస్తే మేజిస్ట్రేటు ముందుకు వస్తానని బాండు రాయించుకుని వదలాలి. ఇరవై నాలుగు గంటల్లో తేలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి తీసుకెళ్లాలి.

మా వాడు చేసిన పొరపాటు ఇక్కడే. ఇల్లు మారితే "ఆధార్‌లో పాత అడ్రసు ఉంది సార్, ఇప్పుడు ఫలానా వీధిలో ఉంటున్నాం" అని రెండూ కలిపి చెప్పాలి. రాత్రిపూట పని చేసేవాళ్లు, అంటే డెలివరీ కుర్రాళ్లు, క్యాటరింగ్ వాళ్లు, హాస్పిటల్ ఆయాలు, లోడింగ్ కూలీలు, మీ చేత పని చేయించుకునే మనిషి పేరు, ఫోన్ నంబరు ఒక చీటీ మీద రాసి సంచిలో పెట్టుకోండి. ఫోన్‌లో ఉంది కదా అనుకోకండి, ముందు పోయేది ఫోనే. మా వాడి సంచిలో ఇప్పుడు టెస్టరు పక్కన ప్లాస్టిక్ కవర్లో మడత పెట్టిన చీటీ ఉంటుంది: షామియానా ఓనరు నంబరు, నా నంబరు, ఆ రోజు ఏ ఫంక్షన్ హాల్లో పనో.

ఎక్కడి నుంచి వస్తున్నావు, ఎక్కడికి వెళ్తున్నావు అన్న ప్రశ్నలకు ఉన్నమాట పొట్టిగా చెప్పండి. ఎక్కువ మాట్లాడొద్దు. ఏదో నేరంలో మిమ్మల్ని ఇరికించే ప్రశ్న అనిపిస్తే "సార్, దీని గురించి మా లాయర్‌తో మాట్లాడి చెప్తాను" అనే హక్కు మీకుంది. నేరం మోపబడిన వ్యక్తిని తనకు తానే వ్యతిరేక సాక్షిగా నిలబెట్టరాదని రాజ్యాంగం ఆర్టికల్ 20(3) చెబుతోంది. ఒడిశా మాజీ ముఖ్యమంత్రి నందినీ సత్పతిని విజిలెన్స్ పోలీసులు ప్రశ్నల చిట్టాతో పిలిపించి, జవాబులు చెప్పలేదని ఆమె మీద కేసు పెట్టినప్పుడు, ఈ రక్షణ కోర్టు బోనులోనే కాదు, పోలీసు ప్రశ్నల దగ్గరా ఉంటుందని సుప్రీంకోర్టు 1978లో చెప్పింది. మహిళను స్టేషన్‌కి రమ్మనడాన్ని కూడా ఆ తీర్పు తప్పుపట్టింది.

మౌనంగా ఉండొచ్చు గానీ అబద్ధం చెప్పడానికి వీల్లేదు. ఈ తేడా మనసులో పెట్టుకోండి.

నాలుగో మెట్టు: సంచి, జేబులు

అరెస్టు చేశాక ఒంటి మీద సోదా చేసే అధికారం సెక్షన్ 49 ఇస్తుంది, తీసుకున్న వస్తువులకు రసీదు ఇవ్వాలి కూడా. అరెస్టు లేకుండా ఉత్తి అనుమానం మీద జేబులు తడిమే అధికారం సాధారణ చట్టంలో ఇంత స్పష్టంగా లేదు. దొంగసొత్తని అనుమానం ఉన్న వస్తువును సెక్షన్ 106 కింద స్వాధీనం చేసుకోవచ్చు. ఆచరణలో "సంచి తెరు" అంటే చాలామంది తెరుస్తారు, అందులో తప్పు లేదు. కానీ మీరే తెరవండి, మీరే ఒక్కో వస్తువు బయటికి తీసి చూపండి. పోలీసు చేయి మీ సంచిలోకి వెళ్లకముందే పక్కన ఎవరైనా ఉంటే పిలవండి, టీ కొట్టు ఆయనైనా సరే.

బీఎన్‌ఎస్‌ఎస్ తెచ్చిన మంచి మార్పు సెక్షన్ 105. సోదా, స్వాధీనం రెండింటినీ వీడియో తీయాలి, మొబైల్‌తో తీసినా చాలు. కాబట్టి "సార్, వీడియో తీస్తున్నారా?" అని మర్యాదగా అడగొచ్చు. ఏదైనా తీసుకుంటే సాక్షుల ముందు రాసే పంచనామా, మనవైపు మధ్యవర్తులనామా అంటారు, అందులో రాయాలి. ఖాళీ కాగితం మీద మాత్రం ఏ పరిస్థితిలోనూ సంతకం పెట్టొద్దు.

గంజాయి అనుమానం అయితే లెక్క వేరు. మత్తుపదార్థాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 43 ప్రకారం బహిరంగ ప్రదేశంలో, నమ్మే కారణం ఉంటే, మనిషిని ఆపి సోదా చేయొచ్చు. కానీ సెక్షన్ 50 ప్రకారం ఒంటి మీద సోదా చేసే ముందు, గెజిటెడ్ అధికారి ముందు గానీ మేజిస్ట్రేటు ముందు గానీ చేయమని అడిగే హక్కు మీకుందని మీకు చెప్పి తీరాలి. 1999లో బల్దేవ్ సింగ్ కేసులో, 2010లో విజయ్‌సిన్హ్ జడేజా కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. ఈ రక్షణ ఒంటి సోదాకే గానీ చేతిలో సంచికి వర్తించదు. మీ దగ్గర ఏమీ లేకపోయినా "గెజిటెడ్ ఆఫీసర్ ముందు చేయండి సార్" అని అడగడంలో తప్పు లేదు, సంచిలో ఏదో పెడతారేమో అన్న టెన్షన్ ఉన్నప్పుడు మరీనూ.

ఐదో మెట్టు: ఫోన్

దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇప్పుడు రోడ్డు మీద జరిగే అన్యాయంలో పెద్ద వాటా ఫోన్ దగ్గరే.

2021 అక్టోబరులో హైదరాబాదులో గంజాయి తనిఖీల పేరుతో పోలీసులు రోడ్డు మీద వెళ్లేవాళ్లను ఆపి, ఫోన్లు తీసుకుని వాట్సాప్ చాట్లలో వెతుకుతున్న వీడియో దేశమంతా తిరిగింది. అదే ఏడాది మే నెలలో, లాక్‌డౌన్ రోజుల్లో, పాతబస్తీలో ఒక సామాజిక కార్యకర్తను ఆపి మాస్కు తీయమన్నారు, ఆయన ఒప్పుకోకపోయినా ఫొటో తీసుకున్నారు. ఆయన ముఖ గుర్తింపు టెక్నాలజీ మీద తెలంగాణ హైకోర్టులో పిల్, అంటే ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు.

గోప్యత ప్రాథమిక హక్కు అని 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం చెప్పింది. ఆ హక్కును తగ్గించాలంటే చట్టం ఉండాలి, సరైన ప్రయోజనం ఉండాలి, ఆ ప్రయోజనానికి తగినంత మేరకే ఉండాలి. కేసూ లేక, ఎఫ్ఐఆరూ లేక, రోడ్డు మీద నిలబెట్టి చాట్లు చదివే అధికారం ఇచ్చే సెక్షన్ ఏదీ లేదు. కేసు దర్యాప్తులో ఫోన్ కావాలంటే సెక్షన్ 94 కింద రాతపూర్వకంగా అడగాలి, లేదా సెక్షన్ 106 కింద స్వాధీనం చేసుకుని రాసుకోవాలి. అప్పుడు మోడల్, ఒక్కో ఫోన్‌కు విడిగా ఉండే ఐఎంఈఐ నంబరు పంచనామాలో ఉన్నాయో లేదో చూడండి. స్టార్, హాష్, జీరో, ఆరు, హాష్ నొక్కితే ఐఎంఈఐ తెర మీద కనపడుతుంది, ఇంట్లో ఒకచోట ఇవాళే రాసిపెట్టుకోండి.

రోడ్డు మీద అడిగితే ఈ మాట చాలు: "సార్, ఫోన్‌లో ఇంట్లోవాళ్ల సొంత విషయాలున్నాయి. నోటీసు ఇస్తే స్టేషన్‌కి తెచ్చి ఇస్తాను." లాక్కుంటే పెనుగులాడొద్దు. చేయి తగిలినా బీఎన్‌ఎస్ సెక్షన్ 132, అంటే పాత 353, విధుల్లో ఉన్న ఉద్యోగి మీద దాడి అని రాసేస్తారు. "నేను ఒప్పుకోవడం లేదు సార్" అని పైకి, పక్కవాళ్లకు వినపడేలా చెప్పండి. నోటితో చెప్పిన ఆ అభ్యంతరం తర్వాత మీకు పనికొస్తుంది. కేసు పడ్డాక పాస్‌వర్డ్ చెప్పాలా వద్దా అన్న దాని మీద హైకోర్టులు ఒకే మాట మీద లేవు. కనక ఆ నిర్ణయం లాయరు లేకుండా తీసుకోవద్దు.

వేలిముద్రలు, ఫొటోలు తీసుకోవడానికి 2022లో వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ గుర్తింపు చట్టం ఉంది. అది శిక్ష పడినవాళ్లు, అరెస్టయినవాళ్లు, ముందస్తు నిర్బంధంలో ఉన్నవాళ్లు లాంటివాళ్ల కోసం. దారిన పోయే మనిషి కొలతలు కావాలంటే మేజిస్ట్రేటు ఆదేశం తేవాలి.

మీరు పోలీసులను వీడియో తీయొచ్చా? బహిరంగ ప్రదేశంలో తీయకూడదన్న చట్టం లేదు. పోలీస్ స్టేషన్ అధికార రహస్యాల చట్టం కింద నిషిద్ధ స్థలం కాదని బాంబే హైకోర్టు 2022లో చెప్పింది. కానీ ఆగిన మనిషే మొహం మీద ఫోన్ పెట్టి తీస్తే గొడవ పెరుగుతుంది. పక్కనున్న స్నేహితుడు నాలుగడుగుల దూరం నుంచి తీయడం మేలు.

బండి మీద ఉంటే

ఇక్కడ పోలీసుకు నిజంగానే ఎక్కువ అధికారం ఉంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 130 ప్రకారం యూనిఫాంలో ఉన్న ఏ పోలీసు అధికారి అడిగినా లైసెన్స్ చూపాలి. ఆర్‌సీ, ఇన్సూరెన్స్ అధికారం ఉన్నవాళ్లు అడిగితే చూపాలి. డిజీలాకర్‌లో గానీ ఎంపరివాహన్‌లో గానీ చూపినా చెల్లుతుంది, 2018లో కేంద్ర నిబంధన 139 మార్చి దీన్ని ఖాయం చేశారు. గ్యాలరీలో దాచిన ఫొటో కాదు, యాప్ తెరిచి చూపాలి.

తాగి నడిపినట్టు అనుమానం ఉంటే సెక్షన్ 203 కింద ఊదమంటారు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే సెక్షన్ 185 నేరం. ఊదనంటే తప్పించుకున్నట్టు కాదు. మద్యం తాగారన్న అనుమానంతో అరెస్టు చేయొచ్చు, ఊదకపోవడాన్నే కోర్టు మీకు వ్యతిరేకంగా చూడొచ్చు. మెషీన్ మీద కొత్త గొట్టం పెట్టమని, రీడింగ్ చూపమని అడగండి. పక్కన తాగని మనిషి, లైసెన్స్ ఉన్నవాడు ఉంటే బండి అతనికి ఇవ్వాలని, తాగి నడిపాడన్న ఒక్క కారణంతో బండిని సీజ్ చేసి పెట్టుకోకూడదని తెలంగాణ హైకోర్టు 2021లో చెప్పింది.

నడుస్తున్న బండి తాళం చెవి లాక్కోవడం గురించి అడుగుతుంటారు. చట్టంలో ఆ పద్ధతి ఎక్కడా రాసి లేదు, పైగా ప్రమాదం. చలానా మీద అభ్యంతరం ఉంటే అక్కడ గొంతు పెంచకండి. కట్టకుండా కోర్టులో తేల్చుకునే హక్కు ఉంది.

"స్టేషన్‌కి రా, మాట్లాడి పంపిస్తాం"

మన ఊళ్లలో ఎక్కువమంది ఇరుక్కునేది ఈ ఒక్క వాక్యంలోనే. ఇది పిలుపా, అరెస్టా అన్నది ఆ మాటలో ఎక్కడా ఉండదు. అందుకే అడగాలి: "సార్, ఏ కేసులో? సాక్షిగానా, అనుమానితుడిగానా? నోటీసు ఇస్తారా?"

సాక్షిగా అయితే సెక్షన్ 179, పాత 160. దర్యాప్తు చేసే అధికారి రాతపూర్వకంగా పిలవాలి. తన స్టేషన్ పరిధిలోనో పక్క స్టేషన్ పరిధిలోనో ఉన్నవాళ్లనే పిలవగలడు. పదిహేనేళ్లలోపు, అరవై ఏళ్లు దాటిన పురుషులను, మహిళలను, వికలాంగులను, తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్లను ఇంటి నుంచి కదలమనడానికి వీల్లేదు, వాళ్లే వస్తానంటే తప్ప. తెలిసి తెలిసి దీన్ని మీరి పిలిపించిన అధికారికి బీఎన్‌ఎస్ సెక్షన్ 199 కింద ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా కఠిన కారాగార శిక్ష పడొచ్చు. ఈ సంగతి చాలామంది పోలీసులకే తెలియదు. సాక్షి చెప్పింది రాసుకుంటే దాని మీద సంతకం తీసుకోకూడదని సెక్షన్ 181 చెబుతోంది.

అనుమానితుడిగా పిలిచి, అరెస్టు అవసరం లేదనుకుంటే సెక్షన్ 35(3) నోటీసు ఇవ్వాలి. అందరూ 41ఏ నోటీసు అనేది ఇదే. ఏడేళ్లలోపు శిక్ష పడే కేసుల్లో అరెస్టుకు తొందరపడొద్దని 2014లో అర్నేష్ కుమార్ తీర్పు చెప్పింది. ఈ నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు అంది. అయినా వాట్సాప్‌లో వచ్చిందని పక్కన పడేయకండి, లాయరుకు చూపించండి. నోటీసు సరిగ్గా అందితే చెప్పిన రోజు వెళ్లండి, వెళ్లకపోతే అదే అరెస్టుకు కారణం అవుతుంది.

ఏ కాగితమూ లేకుండా జీపు ఎక్కమంటే "నన్ను అరెస్టు చేస్తున్నారా సార్?" అని అడగండి. కాదు అంటే "అయితే రేపు పొద్దున మా లాయర్‌తో వస్తాను" అనండి. అవును అంటేనో, చేయి పట్టి ఎక్కిస్తేనో, ఎదురు తిరగకండి. టైము చూసుకోండి, ఆ నిమిషం నుంచే ఇరవై నాలుగు గంటలు లెక్క. పక్కన ఉన్న ఎవరికైనా మీ ఇంటి నంబరు గట్టిగా చెప్పండి.

అరెస్టు అయ్యాక

అరెస్టుల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన 1996 డి.కె. బసు తీర్పు నుంచి ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్ దాకా వచ్చిన నియమాలు ఇవి. అరెస్టు చేసే అధికారి పేరు స్పష్టంగా కనపడాలి. అరెస్టు మెమో రాసి, ఇంటివాళ్లో ఆ వీధి పెద్దమనిషో సాక్షి సంతకం పెట్టాలి, మీరూ పెట్టాలి. మెమోలో టైము మీరు నిజంగా పట్టుబడిన టైమేనా చూడండి, కాకపోతే సంతకం పక్కనే అసలు టైము రాయండి. అరెస్టుకు కారణం చెప్పాలి. మీరు కోరిన ఒక మనిషికి కబురు పెట్టాలి. ప్రశ్నించేటప్పుడు లాయరును కలిసే హక్కు సెక్షన్ 38లో ఉంది, అంతసేపూ పక్కన కూర్చోబెట్టుకునే హక్కు మాత్రం కాదు. ఇరవై నాలుగు గంటల్లో, ప్రయాణ సమయం పోను, మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. అక్కడ కొట్టారా అని అడుగుతారు. భయపడకుండా ఉన్నది చెప్పండి.

ఆడవాళ్లు, పిల్లలు, జంటలు

సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు మహిళను అరెస్టు చేయకూడదు. తప్పనిసరైతే మహిళా అధికారి రాతపూర్వక నివేదిక ఇచ్చి మేజిస్ట్రేటు అనుమతి ముందుగా తీసుకోవాలి. ఒంటి సోదా మహిళే చేయాలి. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలను లాకప్‌లో పెట్టడానికి ఏ రకంగానూ వీల్లేదు, జువైనల్ జస్టిస్ చట్టం సెక్షన్ 10. 1098కి ఫోన్ చేయండి.

పార్కులోనో ట్యాంక్‌బండ్ మీదో కూర్చున్న జంటను "పెళ్లి సర్టిఫికెట్ చూపించు, ఇంట్లో చెప్తా" అని బెదిరించే అధికారం ఎవరికీ లేదు. ఇద్దరు పెద్దవాళ్లు కలిసి కూర్చోవడం నేరం కాదు. పోలీసులు మోరల్ పోలీసింగ్ చేయనక్కర్లేదని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో, రాత్రిపూట ఒక జంటను ఆపి వేధించిన కానిస్టేబుల్ కేసులోనే చెప్పింది. ఇలాంటి చోట్ల డబ్బులు అడిగితే ఇవ్వకండి. ఒకసారి ఇస్తే మీ నంబరు వాళ్ల దగ్గర ఉండిపోతుంది.

ఆ రాత్రి తర్వాత చేయాల్సింది

ఇంటికి రాగానే నిద్రపోకముందే కాగితం మీద రాయండి: ఏ చోట, ఎన్ని గంటలకు, ఎంతమంది, నేమ్ ప్లేటు మీద ఏముంది, ఏ మాట అన్నారు, ఏం తీసుకున్నారు, ఎప్పుడు వదిలారు. కొట్టి ఉంటే ప్రభుత్వాసుపత్రిలో చూపించుకుని, అవుట్ పేషెంట్ చీటీలో దెబ్బలు ఎలా తగిలాయో రాయించండి. చుట్టుపక్కల షాపుల సీసీ కెమెరా ఫుటేజీ కొద్ది రోజుల్లో చెరిగిపోతుంది, వెంటనే అడగండి. ప్రతి స్టేషన్‌లో సీసీ కెమెరాలు ఉండాలని, రికార్డింగు దాచాలని 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. కాబట్టి స్టేషన్‌లో కూర్చోబెట్టిన గంటల ఫుటేజీని భద్రపరచమని మీ ఫిర్యాదులోనే రాయండి.

ఫిర్యాదు జిల్లాలో ఎస్పీకి, నగరంలో కమిషనర్‌కి. తర్వాత రాష్ట్ర మానవ హక్కుల కమిషన్, తెలంగాణకు, ఆంధ్రప్రదేశ్‌కు వేరువేరుగా ఉంది. మనిషిని తీసుకెళ్లి ఎక్కడ ఉంచారో చెప్పకపోతే హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే ఆ మనిషిని కోర్టు ముందు పెట్టమని కోరే పిటిషన్ వేయాలి, దానికి రాత్రయినా ఆగక్కర్లేదు. డబ్బు లేదని ఆగొద్దు. 15100 న్యాయ సేవల హెల్ప్‌లైన్. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు.

మా వాడి కోసం నేను రాసిన ఫిర్యాదు అర పేజీ కూడా లేదు. "ఫలానా తేదీ రాత్రి 12.40కి ఫలానా చౌరస్తాలో నన్ను ఆపి, ఏ నోటీసు, అరెస్టు మెమో లేకుండా ఉదయం 5.10 దాకా స్టేషన్‌లో ఉంచారు. నా ఫోన్, పని సామాను సంచి రసీదు లేకుండా తీసుకుని తిరిగి ఇచ్చారు. ఆ సమయపు సీసీ ఫుటేజీని, జనరల్ డైరీని భద్రపరిచి విచారణ జరపగోరుతున్నాను." జనరల్ డైరీ అంటే స్టేషన్‌లో రోజూ జరిగేది రాసే పుస్తకం. ఈ ఫిర్యాదులో తిట్లు లేవు, సెక్షన్లు కూడా లేవు. రెండు కాపీలు తీసుకెళ్లాం. ఒకటి వాళ్లకిచ్చి, రెండోదాని మీద తేదీతో ఆఫీసు ముద్ర వేయించుకున్నాం. ముద్ర వేయబోమని అంటే స్పీడ్ పోస్టులో పంపి, ఆ రసీదును కాపీకి పిన్ను కొట్టుకోండి.